ఎత్తేవాడి కోసం కట్టిన పెట్టె

మంగళవారం పొద్దున లేహ్ నుంచి మా మేనకోడలు ఒక ఫొటో పంపింది. అందులో కొండల్లేవు, మంచు లేదు. అట్టపెట్టె మూత ఒక్కటే ఉంది. దాని మీద ఉన్న టేపు మేం హైదరాబాద్‌లో అంటించింది కాదు. దారిలో ఎవరో పెట్టె తెరిచి, లోపల చూసి, మళ్లీ మూసి కొత్త టేపు వేశారు. ఆ టేపు ఎక్కడా ముడత లేకుండా అంచు నుంచి అంచుకు తిన్నగా ఉంది. ఫొటో కింద ఒక్క మాట రాసింది: "అన్నీ పెట్టినచోటే ఉన్నాయి మామయ్యా." ఈ వారంలో ఆ ఫొటో ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో లెక్కలేదు.

ఆ అమ్మాయి లేహ్ నుంచి మనాలీకి సైకిల్ మీద వెళ్తోంది. 400 కిలోమీటర్లకు పైగా దారి, మధ్యలో 5,000 మీటర్ల ఎత్తు దాటే తంగ్లంగ్ లా కనుమ. అద్దె సైకిల్ వద్దు, రోజూ తొక్కే సైకిలే కావాలంది. ఆ మాట నాకు నచ్చింది. ఒకచోట దిగి ఇంకోచోట తేలే ప్రయాణానికి గట్టి ప్లాస్టిక్ పెట్టె పనికిరాదు. ఖాళీ పెట్టెనే కనుమలు దాటించి ఎవరు మోస్తారు? కాబట్టి అట్టపెట్టె. కొత్త సైకిళ్లు వచ్చిన పెట్టెలు షాపుల్లో గోడకు ఆనించి ఉంటాయి, అడిగితే ఇస్తారు. అడిగేటప్పుడు ఫోర్కు కాళ్ల మధ్య పెట్టి పంపే ప్లాస్టిక్ ముక్కను కూడా అడగండి. ముందు చక్రం తీసేశాక ఫోర్కు కాళ్ల మధ్య ఖాళీ మిగులుతుంది. పక్క నుంచి బరువు పడితే అవి లోపలికి నొక్కుకుపోతాయి. ఆ చిన్న ముక్కే వాటికి అడ్డు.

ఆదివారం మా వరండాలో చాప వేసుకుని పని మొదలుపెట్టాం. ఈ కాలమ్ ఎప్పటినుంచో చదువుతున్నవాళ్లకు నా పెడల్ పాఠం తెలుసు. అయినా మళ్లీ చెబుతాను. ఎడమ పెడల్‌కు మర ఎదురు దిక్కులో ఉంటుంది. అది తెలియక తప్పు వైపు బలంగా తిప్పి మర అరగ్గొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. స్పానర్‌ను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగండి, రెండు పెడళ్లూ ఊడతాయి. సీటు కడ్డీ దించేముందు దాని ఎత్తు దగ్గర చిన్న టేపు ముక్క చుట్టండి, మళ్లీ కొలుచుకునే పని ఉండదు. ఫ్రేము గొట్టాలకు ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్ తొడగండి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, కత్తెరతో నిలువునా చీలిస్తే చక్కగా పడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది హ్యాంగర్ దగ్గర. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా తానే వంగిపోయేలా చేస్తారు దాన్ని. కొద్దిగా వంగినా గేర్లు సరిగ్గా పడవు. అందుకే డిరైలర్‌ను వైరు ఊడదీయకుండా బోల్టు మాత్రం విప్పి, పాత నూలు గుడ్డలో చుట్టి, ఫ్రేము లోపలి వైపు కేబుల్ టైతో కట్టాలి. ఇంకో హ్యాంగర్ సంచిలో ఉండాలి. డిస్కు బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెట్టాలి. పెట్టెలో లివర్ నొక్కుకుపోతే ప్యాడ్లు దగ్గరికి వచ్చేస్తాయి, తర్వాత డిస్కు దూరదు. పవర్ బ్యాంకు పెట్టెలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

ఇక టైరు గాలి. విమానంలో టైర్లు పేలిపోతాయని కౌంటర్ దగ్గర గాలి మొత్తం తీయమంటారు. ప్రయాణికులు కూర్చునే చోట గాలి ఒత్తిడి మామూలుగా 8,000 అడుగుల ఎత్తులో ఉండేదానికంటే తగ్గకుండా చూస్తారు. కింద సామాను అరలోనూ అదే ఒత్తిడి. లేహ్ విమానాశ్రయం ఉన్నదే 10,600 అడుగులకు పైన. లేహ్ రోడ్డు మీద పేలని టైరు విమానం పొట్టలో ఎందుకు పేలుతుంది? గాలి పూర్తిగా తీసేస్తే నష్టం రిమ్ముకే, పెట్టె నేలకు తగిలిన ప్రతిసారీ దెబ్బ నేరుగా దానికే తగులుతుంది. అడిగినప్పుడు వాదన పెట్టుకోకుండా కొంత తీయండి. వేలితో నొక్కితే మెత్తగా తగిలేంత గాలి మాత్రం ఉంచండి.

ఇంతవరకూ మా ఇద్దరికీ పేచీ రాలేదు. టేపు దగ్గర వచ్చింది.

నాది పాత పద్ధతి. పెట్టె మూశాక అడ్డంగా, నిలువుగా, మూలలకు టేపు చుట్టి, ఎవరూ తెరవలేనట్టు చెయ్యాలని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. ఆ అమ్మాయి రెండే పట్టీలు వేసింది. పెట్టె రెండు వైపులా చెయ్యి పట్టే కంతలు కోసి, అంచులకు బట్ట టేపు వేసి గట్టిపరిచింది. లోపలి వస్తువులు ఏవి ఎక్కడున్నాయో ఒక కాగితం మీద బొమ్మ గీసి, హిందీలోనూ ఇంగ్లీషులోనూ నాలుగు ముక్కలు రాసి మూత లోపల అంటించింది. ఆ పక్కనే ఒక కొత్త టేపు చుట్ట కట్టింది.

"ఇంకో నాలుగు చుట్లు వెయ్యమ్మా" అన్నాను.

"తెరవాలనుకుంటే తెరుస్తారు కదా మామయ్యా. తెరిచేవాళ్లకు మూసుకోవడానికి టేపు కూడా మనమే ఇద్దాం" అంది.

నాకు కోపమే వచ్చింది. దానికి కారణం ఉంది. 10 ఏళ్ల కిందట గువాహటి నుంచి తిరిగొచ్చేటప్పుడు రెండు టేపు చుట్టలు ఖర్చు పెట్టి కట్టిన నా పెట్టెను తనిఖీలో బ్లేడుతో కోశారు. మళ్లీ మూసింది ఒక్క పట్టీతో. ఇంటికొచ్చి చూస్తే ఫోర్కు ముక్క లేదు, హ్యాంగర్ వంగింది, ముందు చక్రానికి రెండు స్పోకులు విరిగాయి. విమానాశ్రయంలోనే పెట్టె తెరిచి చూసి, అక్కడే ఫిర్యాదు రాయించుకుని కాగితం తీసుకుని ఉండాల్సింది. విదేశీ ప్రయాణాల్లోనైతే దెబ్బతిన్న సామాను గురించి 7 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలని 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. నేను రెండు రోజుల తర్వాత తెరిచాను, ఎక్కడా రాయించలేదు. అప్పటినుంచీ సామాను ఎత్తేవాళ్ల మీద నా మనసులో కోపం ఉండిపోయింది. ఈ కాలమ్‌లోనే వాళ్ల గురించి కటువుగా రాశాను.

ఫొటో చూసిన రాత్రి మా మేనమామ గుర్తొచ్చాడు.

ఆయనది నూజివీడు. వేసవి సెలవులకు వెళ్తే బంగినపల్లి కాయలు చెక్కపెట్టెలకు ఎత్తే పని మాకూ ఇచ్చేవాడు. ముచ్చిక కొంచెం ఉంచి కోసిన కాయలు. ముచ్చిక మొదలంటా తెగితే సొన కారి తొక్క మచ్చ పడుతుంది. అడుగున వరిగడ్డి, ఒక వరస కాయలు, మళ్లీ గడ్డి. నేను గడ్డి దట్టంగా వేసి, అంతే చాలనుకునేవాణ్ణి. ఆయన వచ్చి పెట్టెను ఒక మూల మీదికి వంచి, తల వంచి వినేవాడు. లోపల ఏ కాయైనా 'టక్' మందంటే మూత తీయించేవాడు. "గడ్డి ఎంత వేశావని కాదురా అల్లుడూ, ఖాళీ ఎక్కడ మిగిలిందో చూడు. కదిలిన కాయే కుళ్లేది" అనేవాడు. ఎక్కువైన గడ్డి తీసేసి, చిన్న కాయను సందులో ఇమిడ్చి, మళ్లీ వంచి వినేవాడు.

మూత కొట్టాక అందరూ చేయని పని ఒకటి చేసేవాడు. పెట్టెకు రెండు వైపులా కొబ్బరి తాడుతో పిడులు కట్టేవాడు. ఒక్కో పెట్టెకు అదనంగా కొన్ని నిమిషాలు. లారీ ఎదురుచూస్తుంటే నాకు విసుగొచ్చేది. ఒకరోజు అడిగితే, లారీ మీద పెట్టెలందుకుంటున్న హమాలీని చూపించి, "పట్టుకోడానికి చోటు లేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు, విసరాల్సిందే. పెట్టె కట్టేది కాయ కోసమే కాదురా, ఎత్తేవాడి కోసం కూడా" అన్నాడు. 40 ఏళ్ల పైమాట అది. ఇన్నాళ్లూ ఆయన మాటలో నేను మొదటి సగమే పట్టుకున్నాను. సైకిల్ పెట్టె మూశాక ఒక మూల ఎత్తి ఊపి వినడం ఆయన దగ్గర నేర్చుకున్నదే. పిడుల సంగతి మరిచాను.

బ్రిటన్‌లో 1878 నుంచి ఉన్న సైక్లిస్టుల సంఘం ఇప్పుడు సైక్లింగ్ యూకే పేరుతో నడుస్తోంది. అక్కడి దూరప్రయాణికుల్లో చాలామంది పెట్టె కూడా వాడరు. హ్యాండిల్ తిప్పి, పెడళ్లు తీసి, సైకిల్‌ను లోపలున్నది కనిపించే పెద్ద ప్లాస్టిక్ సంచిలో అప్పగిస్తారు. సైకిల్ అని కనిపిస్తే దాని మీద బరువైన పెట్టెలు పేర్చరనీ, చక్రాల మీద నడిపించుకు తీసుకెళ్తారనీ వాళ్ల వాదన. ఒకప్పుడు దాన్ని నిర్లక్ష్యం అనుకున్నాను. ఇప్పుడు అందులో మా మామ తాడు పిడులు కనిపిస్తున్నాయి. మన దగ్గర చాలాసార్లు పెట్టె ఉంటేనే తీసుకుంటారు కాబట్టి సంచి అందరికీ కుదరకపోవచ్చు. అందులోని బుద్ధి మాత్రం అట్టపెట్టెకూ పనికొస్తుంది.

గువాహటి పెట్టెకు పట్టుకునే చోటు లేదు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తెరిస్తే ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం లేదు. నా టేపు కోయడానికే వాళ్ల సమయమంతా పోయి ఉంటుంది. ఈ వారం లేహ్ చేరిన పెట్టెను తెరిచింది కూడా అదే పని చేసే మనిషి. ఆ మనిషికి బొమ్మ ఉంది, టేపు ఉంది, ఇది ఎవరో మనసుపడి తొక్కుకునే సైకిల్ అన్న సంగతి తెలుసు. టేపు తిన్నగా వేశారు.

కాబట్టి ఇక్కడ ఇన్నాళ్లూ రాసిన ఒక సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరూ తెరవలేనట్టు కట్టకండి. ఎవరైనా తెరిచి, చూసి, సులువుగా మూయగలిగేట్టు కట్టండి. లోపల ఏదీ కదలకుండా చూసుకోండి. పెట్టెకు పిడులు చెయ్యండి. కట్టడం అయ్యాక ఆ పిడులు పట్టుకుని మీరే ఇంటి గుమ్మం నుంచి వీధి చివరిదాకా ఒకసారి మోయండి. మీ చెయ్యి ఎక్కడ నొచ్చిందో అక్కడ ఇంకాస్త టేపు వెయ్యండి.