ఒకే కొలబద్ద చాలునా?

పుట్టుకతో గుండెలోపముండి, శస్త్రచికిత్సవలన పెరిగి పెద్దవారైనవారిలో కొందరికి హఠాన్మరణభయము మిగిలియుండును. లయ తప్పిన గుండెను విద్యుద్ఘాతముతో సరిదిద్దు డిఫిబ్రిలేటరును మానవదేహములో మొదట 1980లో అమర్చిరి. ఇది ఎవరికి తగును?

హార్ట్ రిథమ్ సొసైటీ తదితర సంఘముల 2014 నాటి సూచనలలో, ముందుజాగ్రత్తగా అమర్చుటకు మొదటి శ్రేణి కొలత ఇది: ఆయాసముతోపాటు, ఎడమ జఠరిక ప్రతి సంకోచమునందు తనలోని రక్తములో 35 శాతమునకు మించి నెట్టలేకపోవుట. ఇది పెద్దవయసు హృద్రోగుల పరీక్షలనుండి ఎరువు తెచ్చిన కొలత.

‘టెట్రాలజీ ఆఫ్ ఫాలో’ అను నాలుగు లోపముల జబ్బులో ప్రమాదము తరచు కుడి జఠరికపై శస్త్రచికిత్స మిగిల్చిన మచ్చలచుట్టు పుట్టును. ఎడమ జఠరిక బాగుగనే యుండవచ్చును. ఆ మచ్చలను, హృదయ విద్యుల్లేఖలో 180 మిల్లీసెకండ్లకు సాగిన తరంగమును కూడ లెక్కించుట మెచ్చదగినదే. కాని వానికి దక్కినది రెండవ శ్రేణియే. అనవసరపు ఘాతములు, తీగెలు చెడుట కూడ కలవు గనుక, ఏ గుండెకు ఆ కొలతయే న్యాయము.