పేరు వేరు, ఫైలు వేరు

ఫోల్డర్ నిండా రకరకాల ఫైళ్లుంటాయి. మనకు పీడీఎఫ్‌లు మాత్రమే కావాలి, లేదా ఫోల్డర్లు మాత్రమే కావాలి. లినక్స్ నేర్చుకునే ప్రతివారికీ మొదట్లోనే తగిలే పని ఇది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చెప్పేదీ, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో అడిగేదీ ఇదే. జవాబు ఒక్క లైనులో అయిపోతుంది కాబట్టి బట్టీ పట్టేసి ముందుకెళ్తారు. ఆ లైను అసలు ఎలా పనిచేస్తుందో తెలుసుకోనివాళ్లకు ముందుముందు ఇబ్బందులు తప్పవు.

‘ఎల్‌ఎస్ *.పీడీఎఫ్’ అని కొట్టగానే పీడీఎఫ్‌ల పేర్లు వరసగా వస్తాయి. వాటిని ఏరింది ఎల్‌ఎస్సే అనుకుంటాం. నిజానికి ఆ స్టార్ గుర్తు ఎల్‌ఎస్ కంట పడనే పడదు. మనం ఎంటర్ నొక్కగానే, కమాండ్లు అందుకునే షెల్ అనే ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోని పేర్లన్నీ చదివి, ‘*.పీడీఎఫ్’ అనే నమూనాకు సరిపోయినవాటిని వరసలో పేర్చి, ఆ పేర్లను ఎల్‌ఎస్ చేతికిస్తుంది. అనుమానముంటే ఎల్‌ఎస్ తీసేసి ‘ఎకో *.పీడీఎఫ్’ అని కొట్టి చూడండి. ఇచ్చిన మాటలను తిరిగి అప్పజెప్పడం తప్ప ఎకోకు ఫైళ్ల గొడవే తెలియదు. అయినా అవే పేర్లు వస్తాయి.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ, లినక్స్ అనుసరించే యూనిక్స్‌కు రూపమిచ్చిన తొలిరోజుల్లో ఇలా స్టార్‌ను పేర్లుగా విప్పే పనికి గ్లోబ్ అనే విడి ప్రోగ్రామే ఉండేది. 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ వచ్చేనాటికి ఆ పని షెల్ లోపలికే చేరింది. ఎవరు చేసినా ఏర్పాటు మాత్రం ఒకటే: ఏరడం ఒకరి పని, చూపించడం ఇంకొకరి పని. అందుకే కాపీ చేసే సీపీకి, జరిపే ఎమ్‌వీకి, చెరిపే ఆర్‌ఎమ్‌కు స్టార్ సంగతి విడివిడిగా నేర్పక్కర్లేదు. డాస్‌లో ఇలా కాదు. అక్కడ ఏ ప్రోగ్రామ్‌కు ఆ ప్రోగ్రామే స్టార్‌ను విప్పుకోవాలి. రెండూ వాడినవారికి యూనిక్స్ పద్ధతి గొప్పతనం వేరే చెప్పక్కర్లేదు.

ఈ పద్ధతికి చిక్కులూ ఉన్నాయి. నమూనాకు సరిపోయే ఫైలు ఒక్కటీ లేకపోతే బ్యాష్ షెల్ ఆ స్టార్‌ను ఉన్నదున్నట్టే ముందుకు పంపేస్తుంది. స్క్రిప్టులోని ఫర్ లూప్ ‘*.పీడీఎఫ్’ అనే లేని ఫైలు కోసం ఒకసారి తిరుగుతుంది. దీనికి విరుగుడు నల్‌గ్లోబ్ సెట్టింగ్. చిన్న అక్షరాల జేపీజీ అడిగితే, కెమెరా పెద్ద అక్షరాల్లో పెట్టిన జేపీజీ రాదు. చుక్కతో మొదలయ్యే పేర్లు కూడా రావు. ఈ చుక్క కథ బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన రాబ్ పైక్ చెప్పారు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చుక్క, రెండు చుక్కలు అనే ఎంట్రీలు రెండుంటాయి. జాబితాలో అవి కనబడకూడదని, మొదటి అక్షరం చుక్కయితే వదిలేయమని ఎవరో అడ్డదారిలో ఒక లైను రాశారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ దాక్కుంది. ఆ బద్ధకం తర్వాత సంప్రదాయమైపోయింది.

ఇక రకం సంగతి. ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ కొడితే ప్రతి లైను మొదట ఒక గుర్తుంటుంది. మామూలు ఫైలుకు అడ్డగీత, డైరెక్టరీకి (అంటే ఫోల్డర్‌కు) డీ, సింబాలిక్ లింకుకు ఎల్. డైరెక్టరీలు మాత్రమే కావాలంటే స్టార్ పక్కన స్లాష్ పెట్టి ‘ఎల్‌ఎస్ మైనస్ డీ */’ అంటే చాలు. చివర స్లాష్ ఉంటే షెల్ డైరెక్టరీలనే ఏరుతుంది. మైనస్ డీ మరిచిపోతే వాటి లోపలి సరుకంతా బయటపడుతుంది.

లోపలి ఫోల్డర్లలో కూడా వెతకాలంటే ఫైండ్ అనే కమాండ్ కావాలి. టైప్ ఎఫ్ అంటే ఫైళ్లు, టైప్ డీ అంటే డైరెక్టరీలు. ఐనేమ్ అంటే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా చూడదు. వారం లోపు మారినవి, పది మెగాబైట్లు దాటినవి అని కూడా అడగొచ్చు. ఒక్క జాగ్రత్త: ఇక్కడ స్టార్‌ను చూడాల్సింది ఫైండే. నమూనాను కొటేషన్లలో పెట్టకపోతే షెల్ ముందే దాన్ని విప్పేస్తుంది, ఫైండ్‌కు నమూనాకు బదులు ఈ ఫోల్డర్‌లోని పేర్లు చేరి అది తికమకపడుతుంది. ఎవరు ఏరాలో చెప్పేది ఆ కొటేషనే.

ఇంతవరకూ చూసింది పేర్లనూ, ఎంట్రీ రకాన్నీ. లోపల నిజంగా ఏముందో చూసే కమాండ్ ఇంకొకటి ఉంది: ఫైల్. పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నంత మాత్రాన యూనిక్స్ కెర్నెల్ దాన్ని పీడీఎఫ్‌గా గుర్తించదు. దానికి అది పేరులో ఒక భాగం, అంతే. ఫైల్ కమాండ్ మాత్రం ఫైలు తెరిచి మొదటి బైట్లు చదువుతుంది. పీడీఎఫ్ అయితే పర్సెంట్ గుర్తు పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలుంటాయి. జిప్ అయితే పీకే ఉంటుంది; దాన్ని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. వర్డ్ డాక్స్ ఫైలు మొదట్లోనూ అదే పీకే కనబడుతుంది, ఎందుకంటే అదీ లోపల జిప్పే.

ఫైల్ ఇచ్చిన జవాబును పైపు ద్వారా, అడిగిన మాట ఉన్న లైన్లను ఏరే గ్రెప్‌కు పంపితే అసలైన పీడీఎఫ్‌లు మిగులుతాయి. ఈ పైపు ఉండాలని ఏళ్ల తరబడి పోరింది బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసిన డగ్ మెక్‌ఇల్రాయ్. 1973లో థాంప్సన్ దాన్ని పెట్టారు. ఇక్కడా కొంచెం కళ్లు తెరుచుకునే ఉండాలి. గ్రెప్ లైను మొత్తం చూస్తుంది, అందులో ఫైలు పేరు కూడా ఉంటుంది. పీడీఎఫ్ అనే మాట పేరులో ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు కూడా జాబితాలోకి చొరబడుతుంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నమూనాలో ప్రశ్నార్థకం ఒక అక్షరానికి సరిపోతుందంటారు. ‘శ్రీ’ మన కంటికి ఒక్కటే. యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు. కాబట్టి నాలుగు ప్రశ్నార్థకాలు కావాలి. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్ల చొప్పున ఆ ఒక్క శ్రీకారానికే పన్నెండు బైట్లు. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు, అంటే తెలుగులో ఇలాంటి యూనికోడ్ గుర్తులు 85 మాత్రమే. పొడుగాటి వ్యాసం శీర్షికను యథాతథంగా ఫైలు పేరుగా పెడితే ఎర్రర్ వచ్చేది ఇందుకే. తెలుగు పేర్లకు ప్రశ్నార్థకం జోలికి పోకుండా స్టార్ వాడడమే మేలు.

పేర్లలో ఖాళీల బెడద భాష ఏదైనా ఉంటుంది. ‘పెళ్లి ఫొటోలు’ అనే పేరును స్క్రిప్టులో కొటేషన్లు లేకుండా వదిలితే షెల్ దాన్ని రెండు ఫైళ్లనుకుంటుంది. యూనిక్స్ పేర్లలో స్లాష్, సున్నా బైటు తప్ప ఏదైనా ఉండొచ్చు, కొత్త లైను కూడా. అందుకే అనుభవజ్ఞులు ఎల్‌ఎస్ జాబితాను లైను లైనుగా కోసి ఇంకో కమాండ్‌కు పెట్టరు. పేర్లను సున్నా బైటుతో విడదీసేలా ఫైండ్‌లో ప్రింట్‌జీరో వాడి, ఆ పేర్లను ఇంకో కమాండ్‌కు అందించే ఎక్స్‌ఆర్గ్స్‌కు మైనస్ జీరో ఇస్తారు.

ఏరడం వచ్చాక చెరపడం మొదలవుతుంది. ‘ఆర్‌ఎమ్ *.ఓ’ కొట్టబోయి స్టార్ తర్వాత ఒక ఖాళీ పడితే, షెల్ ముందు ఫోల్డర్‌లోని ఫైళ్లన్నిటినీ అప్పగిస్తుంది, ఆర్‌ఎమ్ అన్నిటినీ చెరిపేస్తుంది. టెర్మినల్‌లో ఆర్‌ఎమ్‌కు రీసైకిల్ బిన్ లేదు. కాబట్టి ఆర్‌ఎమ్ కొట్టేముందు అదే లైనును ఎకోతో ఒకసారి కొట్టి, వచ్చిన పేర్లు చదవండి.