అమ్మమ్మకు పేరుండదా?

ఇంటి వంటలు పుస్తకాలకెక్కడం, ఫోన్లకెక్కడం ఇప్పుడు ముచ్చటగా సాగుతోంది. సంతోషమే. కాని కథకీ నవలకీ విమర్శ ఉన్నప్పుడు వంటల పుస్తకానికి మాత్రం ఎందుకుండకూడదు? చదివినదాన్ని ఆ పూటే పొయ్యిమీద పెట్టి పరీక్షించే పాఠకురాలు మరే పుస్తకానికుంది చెప్పండి!

తెలుగులో వంటల పుస్తకమనగానే మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ గుర్తొస్తుంది. నూజివీడులో పుట్టి, మద్రాసులో స్థిరపడ్డ ఆ నవలా రచయిత్రి పుస్తకం ముద్రణ మీద ముద్రణ పొందింది. అరవంలో 1951లో మీనాక్షి అమ్మాళ్ ‘సమైత్తుప్పార్’ చేసిన మేలే తెలుగులో ఇదీ చేసింది. పుట్టింటికి దూరంగా కాపురం పెట్టిన పిల్లకు పెద్దదిక్కయింది. కొలత చెప్పింది, క్రమం చెప్పింది. అయితే అచ్చుకి అందనిది ఒకటుంది. అది చెయ్యి. పాకం వచ్చిందని వేళ్ళకు తెలిసే సంగతి అక్షరాల్లో ఎంతని రాస్తాం?

ఆ చేతిని వీడియో పట్టుకుంది. తెనాలి దగ్గర గుడివాడలో, నూరేళ్ళు దాటిన మనిషిగా పేరొందిన మస్తానమ్మ గారు 2016 నుంచి కట్టెలపొయ్యి ముందు వండుతుంటే దేశదేశాలవాళ్ళు చూశారు. 2018 డిసెంబరులో ఆవిడ పోయినా, ఆ చేతివాటం మిగిలింది. అంతకన్నా ముఖ్యం, ఆవిడ పేరు మిగిలింది.

కుటుంబాలు వేసుకునే సంకలనాలతోనే నాకు పేచీ. ఈమధ్య మా బంధువుల పెళ్ళిలో తాంబూలంతో పాటు ఒక వంటల పుస్తకం పంచారు. చక్కని కాగితం, రంగుల బొమ్మలు. అందులో ‘అమ్మమ్మ గట్క’ ఉంది. ఫొటోలు తీసినవారి పేరుంది, ప్రెస్సు పేరుంది. అమ్మమ్మ పేరు మాత్రం ఎక్కడా లేదు!

పైగా ఆ గట్క “ఒక కప్పు జొన్నరవ్వ” అంటూ మొదలవుతుంది. మా సూర్యాపేట, కోదాడ పల్లెల్లో గట్క అక్కడ మొదలయ్యేది కాదు. జొన్నలు తడిపి, దంచి, పొట్టు చెరిగి, విసుర్రాయిలో విసిరితే గాని ఆ రవ్వ వచ్చేది కాదు. ఆ చాకిరీ అంతా ఒక్క కప్పులో మాయమైపోయింది.

ఇంకో మాట. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలు వరిమళ్ళయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరయింది. అంతకుముందు చాలా ఇళ్ళలో తెల్లన్నం పండగపూట మాటే. ఆనాడు తప్పనిసరై తిన్న గట్కను ఈనాడు ఆరోగ్యం కోసం కోరి తింటున్నాం. తప్పులేదు. కాని ఆ కథ రాయకపోతే మనవరాలికి అందేది కొలతే, అమ్మమ్మ బతుకు కాదు.

అంచేత, మీ ఇంట్లో వంటలు రాసిపెట్టే అమ్మాయి ఉంటే ఒక్క మాట చెప్పండి. సద్దుల బతుకమ్మనాటి మలీదకు మీ ఇంట్లో రొట్టె సజ్జదా, జొన్నదా, గోధుమదా? ఎవరు నేర్పారు? జొన్నలు ఎవరు దంచారు? ఇంట్లో బెల్లం లేని ఏడాది ఏం చేశారు? అడిగి రాయమనండి. పైన ‘అమ్మమ్మ’ అని ఊరుకోకుండా ఆవిడ పేరు, పుట్టినూరు కూడా వేయమనండి. రెండు వరుసలకు అయ్యే కాగితం ఖర్చెంతని?