నలుపు తెలుపుల్లో ఎవరి నలుపు?

నలుపు తెలుపు ఫోటో నిజమే చెబుతుందని మనకో నమ్మకం. మామూలు డిజిటల్ కెమెరా చూసేది ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లోనే. 2012 నాటి లైకా ఎం మోనోక్రోమ్ వంటివి మినహాయింపు. ఆ రంగుల్ని బూడిదఛాయలుగా మార్చే వాడుక సూత్రమొకటి ఆకుపచ్చకు సుమారు 59, ఎరుపుకు 30, నీలానికి 11 శాతం వాటా ఇస్తుంది. కంప్యూటర్లో ఆ వాటాలు మార్చుకోవచ్చు.

అమ్మ ఫోటోతో ప్రయత్నించాను. ఎరుపు పెంచితే అమ్మ తెల్లబడింది, ముడతలు పలచబడ్డాయి. నీలం పెంచితే చామనఛాయ చిక్కబడి, ఎండలో గడిపిన ఏళ్ళన్నీ ముఖం మీదికొచ్చాయి. “నన్నింత నల్లగా చేశావేమే?” అంది.

స్త్రీల ఛాయాచిత్రాల్లో వెలుగునీడల అందం గురించి రాస్తాం; ఆ వాటాలు ఎవరు, ఎవరి కంటికోసం నిర్ణయించారని అడగం. నీలాన్నే నిజమనుకున్న నేనూ అమ్మని అడగలేదు.