యాసపై పరిహాసం – ప్రతిస్పందన: తెలుగు సినిమా ఆధారంగా

జాతిని, రంగును, పుట్టుకను కించపరిచే మాటను 'సరదా' అని సమర్థించుకోవడం ఉద్యోగస్థలాల్లో పరిపాటి. ఆ సమర్థనతో తప్పు పలికినవారిది కాక, నొచ్చుకున్నవారిదవుతుంది. తెలుగునాట దీనికి దగ్గరి రూపం యాసను వెక్కిరించడం. యాస జాతి కాదు. అయినా నోరు విప్పగానే మనిషిని తక్కువ చేసే తీరు రెండింటా ఒక్కటే.

సినీ నిర్మాణ కార్యాలయాలున్న శ్రీనగర్ కాలనీ, సారథి స్టూడియోస్ ఉన్న అమీర్‌పేట తెలంగాణ నేలపైనివే. అయినా దశాబ్దాలపాటు తెరపై తెలంగాణ యాస ఎక్కువగా హాస్యగాడికో ప్రతినాయకుడికో దక్కింది. తెర నేర్పిన ఆ నవ్వే ఉద్యోగస్థలంలో అనుకరణకు ధైర్యమిచ్చింది.

'ఫిదా' (2017)లో శేఖర్ కమ్ముల ఈ పంపకాన్ని మార్చారు. బాన్సువాడ భానుమతి తన యాసలోనే ప్రేమిస్తుంది, కోపగిస్తుంది, నిర్ణయిస్తుంది. నవ్వు ఆమె చమత్కారం వల్ల పుడుతుంది, ఉచ్చారణ వల్ల కాదు. 'బలగం' (2023) చావింటి దుఃఖాన్నీ ఆ యాసకే అప్పగించింది.

కనుక వెక్కిరింతకు జవాబు ఎదురు వెక్కిరింత కాదు, భాష మార్చుకోవడమూ కాదు. తన యాసలోనే నిలబడి మాట్లాడడం. అయితే ఈ భారం నొచ్చుకున్నవారొక్కరిదే కారాదు. పక్కనున్న సహోద్యోగి నవ్వకపోవడమే తొలి ప్రతిస్పందన.