ప్రధాన పాత్రకు పరీక్షగా ఉపపాత్రలు: ‘డారియా’ యానిమేషన్ ధారావాహిక – ఒక పరిశీలన

ప్రస్తావన

వ్యంగ్య ప్రధానమైన కథనంలో ఉపపాత్రకు సాధారణంగా దక్కేది గురి స్థానం. ప్రధాన పాత్ర ఎత్తిపొడవడానికి, ప్రేక్షకుడు నవ్వుకోవడానికి అది అక్కడ ఉంటుంది. అందరి లోపాలనూ లెక్కపెట్టే ప్రధాన పాత్ర చూపును తూకం వేసేవారు మాత్రం ఉండరు. అమెరికాలో ఎమ్‌టీవీ 1997 మార్చి నుంచి 2002 జనవరి వరకు ప్రసారం చేసిన ‘డారియా’ ఈ లోటును ఉపపాత్రల ద్వారానే పూరించుకున్నదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్లెన్ ఐక్లర్, సూసీ లూయిస్ రూపొందించిన ఈ ధారావాహికలో ఐదు సీజన్లుగా 65 భాగాలు, రెండు టెలివిజన్ చిత్రాలు ఉన్నాయి. లాండేల్ అనే కల్పిత పట్టణంలోని హైస్కూలు దీని రంగస్థలం. డారియా మోర్గన్‌డార్ఫర్ అంతకుముందు ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’లో ఒక ఉపపాత్ర. అక్కడ ఇద్దరు మూర్ఖుల మధ్య వివేకవంతురాలిగా నిలవడమే ఆమె పని. తన పేరుతో ధారావాహిక వచ్చాక ఆ వివేకానికే పరీక్ష మొదలైంది.

పతాక, ప్రకరి

భారతీయ నాట్యశాస్త్ర సంప్రదాయం ప్రాసంగిక వృత్తాన్ని రెండుగా విభజించింది. దీర్ఘంగా సాగేది పతాక, ఒక చోట కనిపించి ముగిసేది ప్రకరి. రామకథలో సుగ్రీవ వృత్తాంతం పతాకకు ప్రసిద్ధ ఉదాహరణ. సంస్కృత రూపకాల కోసం ఏర్పడిన ఈ పరిభాష, భాగాలుగా సాగే ధారావాహికలో ఎవరి కథ ఎంత దూరం నడుస్తుందో చూడడానికీ అక్కరకు వస్తుంది. అయితే ఒక భేదాన్ని గమనించాలి. సంప్రదాయంలో పతాక, ప్రకరులు నాయకుని కార్యసిద్ధికి తోడ్పడతాయి. ‘డారియా’లో నాయికకు సాధించవలసిన కార్యమంటూ ఏదీ లేదు. ఆమెకు ఉన్నవి తీర్పులే. ఉపపాత్రలు ఆ తీర్పులను సరిచేస్తాయి.

పతాకానాయిక స్థానం చిత్రకారిణి జేన్ లేన్‌ది. డారియా మాటల్లోని పదునును పంచుకుంటూనే ఆమె మనుషులతో కలవడానికి వెనుకాడదు. నాలుగో సీజన్ చివర జేన్ ప్రేమికుడైన టామ్‌ను డారియా ముద్దుపెట్టుకుంటుంది. లోకంలోని కపటాన్ని ఎత్తిచూపిన పాత్ర తానే స్నేహితురాలి నమ్మకాన్ని వమ్ము చేసింది. ఈ తప్పును కథనం హాస్యంతో తేలికపరచలేదు. సయోధ్య కోసం తరువాతి చిత్రం వరకు ఆగింది.

గురి నుంచి మనిషిగా

మొదటి సీజన్ చివరి భాగం ‘ది మిజరీ చిక్’ ఈ పద్ధతికి మూలం. అహంకారి అయిన పూర్వ ఫుట్‌బాల్ ఆటగాడు టామీ షెర్మన్ బడికి వచ్చి ప్రమాదంలో మరణిస్తాడు. అతని మంచితనానికి కాదు, మరణానికి బాధపడడం తెలియని విద్యార్థులు ఒక్కొక్కరుగా డారియా దగ్గరకు వస్తారు. ఎప్పుడూ విషాదంగా ఉండే ఆమెకు ఇలాంటివి తెలిసే ఉంటాయని వారి నమ్మకం. వారిని ఆమె మూసల్లో చూసినట్టే వారూ ఆమెను ఒక మూసలో చూశారు. క్వార్టర్‌బ్యాక్ కెవిన్, అతని ప్రియురాలు బ్రిటనీ హాస్యపాత్రలుగానే కొనసాగినా ఈ భాగం తరువాత వారిని కేవలం బుద్ధిహీనులుగా కొట్టివేయడం కష్టం. పెయింట్‌బాల్ ఆట నేపథ్యంగా సాగిన భాగంలో బ్రిటనీ చూపిన యుద్ధవ్యూహ నైపుణ్యం ఇందుకు మరో నిదర్శనం.

చెల్లెలు క్విన్ పాత్రలో ఈ పరిణామం సంపూర్ణంగా కనిపిస్తుంది. ఫ్యాషన్ క్లబ్ సభ్యురాలైన ఆమె బడిలో డారియాను అక్కగా చెప్పుకోదు. తొలి చిత్రంలో తనకు చదువు చెప్పిన డేవిడ్‌ను ఇష్టపడి, తనలో లోతు లేదన్న కారణంతో అతని తిరస్కారానికి గురవుతుంది. డారియా ఎన్నోసార్లు వేసిన నింద ఈసారి నిజంగా గాయపరిచింది. ఐదో సీజన్‌లోని ‘లక్కీ స్ట్రైక్’లో ఉపాధ్యాయుల సమ్మె కాలంలో డారియా ఆమె తరగతికి పాఠం చెబుతుంది. అప్పుడు క్విన్ తోటివారి ముందు ఆమెను అక్కగా అంగీకరిస్తుంది. జేన్, క్విన్, తల్లి హెలెన్ ముగ్గురికీ గొంతునిచ్చింది ఒక్క వెండీ హూప్సే కావడం గమనార్హం. డారియాకు అత్యంత సన్నిహితమైన మూడు ఎదురుమాటలు ఒకే గొంతు నుంచి వచ్చాయి.

రచయిత్రిగా డారియా

‘రైట్ వేర్ ఇట్ హర్ట్స్’ భాగంలో తెలుగు పాఠకునికి సుపరిచితమైన ఒక రచనాసమస్య ఉంది. తెలిసినవారినే పాత్రలుగా చేసి కథ రాయమని అధ్యాపకుడు ఓనీల్ కోరతాడు. డారియా ఎగతాళి కథలు ఎన్నో మొదలుపెట్టి ఏదీ ముగించలేకపోతుంది. చివరికి తన కుటుంబం భవిష్యత్తులో ఎలా ఉంటే బాగుండునో ఊహించి రాస్తుంది. అది చదివి హెలెన్ చలించిపోతుంది. అధిక్షేపం లోపాన్ని పట్టుకోగలిగినా, పాత్రకు భవిష్యత్తును ఇవ్వాలంటే మమకారం కూడా అవసరమన్న సూత్రం ఇక్కడ ఉపదేశంగా కాక, కథ ముగించలేని రచయిత్రి ఇబ్బందిగా వ్యక్తమైంది.

పరిమితి

ఈ ఔదార్యం అందరికీ సమానంగా అందలేదు. నల్లజాతి విద్యార్థిని జోడీ లాండన్ అన్నింటా ఆదర్శంగా నిలవవలసిన భారాన్ని ‘గిఫ్టెడ్’ భాగంలో స్వయంగా వివరిస్తుంది. డారియా గుంపుకు దూరంగా నిలవగలగడం ఒక వెసులుబాటు అని, అది జోడీకి లేదని ఆ మాటల వల్ల స్పష్టమవుతుంది. ధారావాహికలో నాయిక దృక్పథంపై వచ్చిన అత్యంత తీవ్రమైన విమర్శ ఇదే. అయినా జోడీ కథ పతాకగా ఎదగలేదు. నల్లజాతి విద్యార్థుల టర్నర్ కళాశాలను ఆమె ఎంచుకోవడం ముగింపు చిత్రంలో ఒక ఉపకథగా ముగిసింది. ఆమె స్నేహితుడు మాక్ ఎక్కువగా కెవిన్ పక్కన ఉండే వివేకిగానే మిగిలాడు. భారాన్ని గుర్తించిన కథనం, దానిని మోసే వ్యక్తి జీవితంలోకి తగినంతగా ప్రవేశించలేదు.

ఉపసంహారం

యానిమేషన్ హాస్య ధారావాహికల్లో పాత్రలు ఏళ్లు గడిచినా పెరగకపోవడం పరిపాటి. ‘డారియా’ పాత్రలు కూడా దాదాపు ప్రతి భాగంలోనూ అవే దుస్తుల్లో కనిపిస్తాయి. కానీ చివరి చిత్రం నాటికి ఫ్యాషన్ క్లబ్ విడిపోతుంది, కెవిన్ ఉత్తీర్ణుడు కాలేకపోతాడు, డారియా, జేన్ వేర్వేరు కళాశాలలకు బయలుదేరతారు. రేఖలు మారకుండానే మనుషులు మారారు. ఆ మార్పును గుర్తించడానికి నాయిక తన చూపును మార్చుకోవలసి వచ్చింది. జోడీ విషయంలో ఈ ధారావాహిక వెనుకబడిందని చెప్పడానికి కొలమానం కూడా తక్కిన ఉపపాత్రల చిత్రణలో అది సాధించిన స్థాయే.