కంటెయినరులో ప్లాట్‌ఫారము: సందు చేయు చేటు

సైనిక సామగ్రి రవాణాను గూర్చి వ్రాయువారు ఒక పరికరమును తరచు మెచ్చుకొందురు. అమెరికా సైన్యము వాడుకలోనికి తెచ్చిన ఈ ఉక్కు ప్లాట్‌ఫారము 20 అడుగుల కంటెయినరులో ఇముడును. మందుగుండు పెట్టెలను దానిపై పేర్చి, కట్టి, మొత్తమును ఒకేసారి కంటెయినరులోనికి త్రోయుదురు. ఓడ దిగిన తరువాత లారీ తన కొక్కెమును తగిలించి దానిని బయటకు లాగి, వీపుపై ఎక్కించుకొని పోవును. పెట్టెలను ఒక్కొక్కటిగా మోసే శ్రమ తప్పినది. సౌకర్యము గొప్పదే, కాదనలేము. కాని అంత సులభముగా లోనికి జారినది దారిలో కూడ జారును గదా! ఈ మాట ఆ మెప్పులలో కానరాదు.

ఇక్కడ కట్టు రెండు అంచెలు. సరకును ప్లాట్‌ఫారమునకు కట్టుట మొదటిది. ప్లాట్‌ఫారమును కంటెయినరులో కదలకుండ నిలుపుట రెండవది. మొదటిది కంటికి కనబడును, కనుక శ్రద్ధగా చేయుదురు. రెండవదానికి నేలలోని రింగులకు రెండు పట్టీలు బిగించిన చాలునని తోచును. చాలునా? లెక్క వేసి చూతము.

సరకుతో కలిపి ప్లాట్‌ఫారము బరువు 15 టన్నులనుకొందము. కంటెయినరులలో సరకు సర్దుటకై 2014లో అంతర్జాతీయ సంస్థలు ఆమోదించిన నియమావళి ప్రకారము, లారీ గట్టిగా బ్రేకు వేసినపుడు సరకు తన బరువులో 0.8 వంతు బలముతో ముందుకు త్రోసుకొనునని భావించవలెను. అనగా 12 టన్నులు. అలలు 12 మీటర్లు మించు సముద్రములో నిడివి వెంట బలము 0.4 వంతే, అనగా 6 టన్నులు. ఇది తక్కువేయని సంతోషింపరాదు. అదే క్షణమున ఓడ క్రిందికి దిగుటచే సరకు నేలను నొక్కు బలము 0.2 వంతుకు పడిపోవచ్చును. ఘర్షణ గుణకము 0.3 అయినచో, ఘర్షణ ఆపగలిగినది 0.9 టన్ను మాత్రమే. మిగిలిన 5 టన్నులకు పైబడిన బలమును ఎవరు భరింపవలెను? అంతర్జాతీయ ప్రమాణము కంటెయినరు నేల రింగు ఒక్కొక్కదానికి కోరు కనీస శక్తి సుమారు 1 టన్ను. పట్టీ ఎంత గట్టిదైనను రింగు గట్టిదనము మించి పనిచేయదు. అది ఏటవాలుగా పోయినచో నిడివి వెంట లాగు బలము ఇంకను తగ్గును.

నా దృష్టిలో అసలు దోషము సందు. లోపలికి పోవుటకు ఎంతో కొంత ఖాళీ విడువక తప్పదు. ఆ ఖాళీ 5 సెంటీమీటర్లే అనుకొనుడు. 0.4 వంతు బలముతో జారిన ప్లాట్‌ఫారము అంతమేర వేగము పుంజుకొని, ఎదుటి ఉక్కును తాకి 5 మిల్లీమీటర్లలో ఆగినచో, తగులు బలము మొదటిదానికి పది రెట్లు మించును: 60 టన్నులకు పైమాట. గడ్డిబండిపై మోకు వేసిన రైతు కొంతదూరము పోయి మరల బిగించుకొనును. మూసి ముద్ర వేసిన కంటెయినరులో ఆ వీలు లేదు.

విమానములలోను ఈ రెండంచెల సమస్య కలదు. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తానులోని బాగ్రాం నుండి లేచిన బోయింగ్ 747 సరకు విమానములో 5 సాయుధ సైనిక వాహనములను ప్యాలెట్లపై ఉంచి పట్టీలతో కట్టిరి. విమానము పైకి లేచుచుండగా ఒక వాహనమైనను పట్టు విడి వెనుకకు జారి, హైడ్రాలిక్ వ్యవస్థలను, తోక నియంత్రణ యంత్రమును దెబ్బతీసెను. 7గురు సిబ్బంది మరణించిరి. పట్టీల విషయమై తయారీదారులిచ్చిన కీలక వివరములు ఆ సంస్థ పుస్తకములో లేవని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చినది.

కనుక పట్టీల సంఖ్యతో తృప్తిపడు పద్ధతిని నేను ఒప్పుకొనలేను. ప్లాట్‌ఫారము లోపలి కొస కంటెయినరు ముందుగోడ అడుగు దూలమునకు ఆనవలెను. ద్వారమువైపు కొసను సర్దుబాటు గల ఉక్కు అడ్డులతోనో, దిట్టమైన కలపతోనో మూల స్తంభములకు బిగించి, సందు లేకుండ చేయవలెను. తలుపును ఆసరాగా లెక్కింపరాదు. దానిని మోయగల బరువులో 0.4 వంతు బలమునకు పరీక్షింతురన్నమాట నిజమే. కాని ఆ బలము తలుపంతటను సమముగా పరచినది. ప్లాట్‌ఫారము అంచు ఒకేచోట పొడుచును. అట్లు పొడుచుకొని నిలిచిన బరువు లోపల ఉన్నదని, గమ్యములో గడియ తీయు సైనికునికి బయటినుండి తెలియు గుర్తు ఏదియు ఉండదు.